మొరం జాగాలో అట్టలు పరిస్తే చెదలు పట్టవా?

ప్రశ్న: కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. వెనక జాగాలో మొరం పోశారు, గడ్డపార కూడా దిగట్లేదు. తవ్వకుండా అట్టలు, ఆకులు పొరలుగా పరిచి మన్ను తయారు చేసుకోవచ్చంటున్నారు. చెదలు పడతాయని మా అత్తమ్మ వద్దంటోంది. వానాకాలానికి కూరగాయలు పెట్టాలని నా ఆశ.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ అత్తమ్మ మాట తీసేయకండమ్మా. అట్ట, కట్టె చెదలకు తిండే. అందుకే గోడకు, దర్వాజలకు మూడడుగులు వదిలి మొదలుపెట్టండి. అట్టల టేపు, పిన్నులు పీకేయండి. మెరిసే రంగుల అట్ట వద్దు. రాత్రంతా నానబెట్టి, ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేటట్టు పరవండి. సందు దొరికితే తుంగ పైకొస్తుంది. ముదిరిన తుంగైతే అట్టను పొడుచుకుని కూడా వస్తుంది, కనబడ్డప్పుడల్లా పీకాలి.

అట్ట మీద కానుగాకు, గ్లిరిసిడియా రెమ్మలు, వంటింటి తొక్కలు వేయండి. నీళ్లలో కలిపిన పెండ పోసి, కాస్త వేపపిండి చల్లి, పైన వరిగడ్డి కప్పండి. అంతా కలిపి అడుగు ఎత్తు రావాలి. పెండ విషయంలో పిసినారితనం వద్దు. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60 నుంచి 80 పాళ్ల కర్బనం ఉంటుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25, 30 పాళ్లు సరిపోతాయి. నత్రజని తక్కువపడితే అవి మట్టిలోది లాక్కుంటాయి, మొక్క పసుపురంగుకు తిరుగుతుంది. గడ్డిని మట్టిలో కలిపి తవ్వొద్దనేది అందుకే.

పత్తి కట్టె మన వైపు కావలసినంత. చేలల్లో దాన్ని తగలబెడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ముక్కలు కొట్టకుండా వేస్తే ఏడాదైనా కుళ్లదు, గులాబీరంగు పురుగు కూడా అందులో దాగి ఉండొచ్చు. పెరట్లోకి తేకండి. కాంగ్రెస్ గడ్డిని పూత రాకముందు కోస్తేనే వేయండి.

మే ఎండల్లో వారానికి రెండు మూడుసార్లు తడపాలి. చెయ్యి పెట్టి చూడండి, గడ్డి కింద చల్లగా తగలాలి. మృగశిర నాటికి ఎత్తు సగానికి దిగుతుంది గానీ అడుగున మొరం మొరంలాగే ఉంటుంది. మొదటి ఏడు గడ్డి జరిపి, అట్ట కోసి, ఆ గుంతలో మాగిన పెంట, ఎర్రమన్ను కలిపి నింపి వంకాయ, టమాటా నారు పెట్టండి. బెండ, బీర విత్తనాలూ అట్లాగే. ముల్లంగి, క్యారట్ మరుసటి ఏడు చూద్దాం. మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ల జాగా గడ్డి లేకుండా వదలండి, లేకపోతే వానలకు కాండం కుళ్లుతుంది.