మెదడు కణాలకు ఆర్జినిన్ ఎక్కడిది? దాంతో నైట్రిక్ ఆక్సైడ్ అనే సంకేత వాయువు ఎలా తయారవుతుంది?

ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ప్రధానంగా రక్తం నుంచే వస్తుంది. మెదడు రక్తనాళాల గోడల్లోని క్యాట్-1 అనే రవాణా ప్రోటీన్ దాన్ని లోపలికి చేరుస్తుంది. లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం కూడా ఇదే దారిలో వెళ్తుంది కాబట్టి రెండింటికీ పోటీ తప్పదు.

అసలు విశేషం ఇక్కడుంది. మెదడులో ఆర్జినిన్ నిల్వలు ఎక్కువగా కనిపించేది న్యూరాన్లలో (నాడీకణాల్లో) కాదు, వాటి పక్కనుండే ఆస్ట్రోసైట్లనే సహాయక కణాల్లో. న్యూరాన్లు సంకేతంగా వదిలే గ్లుటమేట్ అనే రసాయనం తగిలితే అవి ఆర్జినిన్‌ను బయటికి వదులుతాయి, న్యూరాన్లు అందుకుంటాయి. అదే గ్లుటమేట్ న్యూరాన్‌పై ఎన్ఎండీఏ గ్రాహకాన్ని, అంటే కాల్షియంను లోపలికి వదిలే ద్వారాన్ని, తెరుస్తుంది. అంటే ముడిసరుకు పంపమని, పని మొదలుపెట్టమని చెప్పే సంకేతం ఒక్కటే! ఎంత చక్కని ఏర్పాటో చూడండి.

గ్రాహకం తెరుచుకోగానే కాల్షియం లోపలికొచ్చి, కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి, అక్కడే కట్టేసినట్టుండే ఎన్ఎన్ఓఎస్ అనే నైట్రిక్ ఆక్సైడ్ తయారీ ఎంజైమ్‌ను పనిలోకి దింపుతుంది. అది ఆక్సిజన్, ఎలక్ట్రాన్లనిచ్చే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు సాయంతో ఆర్జినిన్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా, సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారుస్తుంది. సిట్రులిన్ వృథా పోదు, మరో రెండు ఎంజైములు దాన్ని తిరిగి ఆర్జినిన్ చేస్తాయి.

నైట్రిక్ ఆక్సైడ్‌ను మిగతా సంకేత రసాయనాల్లా కణంలోని చిన్న సంచుల్లో దాచడం కుదరదు. పుట్టగానే పొరలు దాటి పక్క కణాల్లోకి వెళ్లి, గ్వానైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమ్ ద్వారా సీజీఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది. ఎలుక చిన్నమెదడు కణాల్లో ఇలాంటి సంకేతాన్ని శాస్త్రవేత్త జాన్ గార్త్‌వైట్ బృందం 1988లో చూపింది.

ఆర్జినిన్ చాలకపోతే మాత్రం ఎన్ఎన్ఓఎస్ ఎంజైమే హానికరమైన సూపరాక్సైడ్‌ను తయారుచేస్తుంది. అలాగని ఆర్జినిన్ మాత్రలు మొదలుపెట్టకండి. మింగిన ఆర్జినిన్‌లో చాలా భాగం పేగుల్లో, కాలేయంలోనే ఖర్చయిపోతుంది.