గడ్డి రన్‌వే కోసం పొలం కొనేటప్పుడు పొడవు చూస్తే చాలా?

చాలదు, రెండు కొసల అవతల ఏముందో, వాన నీరు నిలుస్తుందో లేదో ముందు చూడాలి. చిన్న విమానం నేల వదిలాక మెల్లగానే పైకి లేస్తుంది, అందుకే దారిలోని ప్రతి అడ్డంకీ పనికొచ్చే పొడవును తినేస్తుంది. సాధారణంగా 20:1 వాలు లెక్క వేస్తారు, అంటే అడ్డంకి ఎత్తులో ప్రతి మీటరుకు 20 మీటర్ల దూరం వదలాలి: 800 మీటర్ల పొలం కొసన 15 మీటర్ల చెట్లుంటే, వాటికి 300 మీటర్ల ఇవతలే రన్‌వే ముగిసినట్టు. మిగిలేది 500. చెట్లు కొట్టేయొచ్చు అంటారు గానీ, అవి పక్కవాళ్లవైతే? కరెంటు తీగలైతే ఇంకా ప్రమాదం, పైనుంచి సరిగా కనబడవు.

బల్లపరుపు నేలే మంచిదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ నీరు నిలుస్తుంది. గట్టి పొడి రన్‌వేతో పోలిస్తే తడి గడ్డి మీద టేకాఫ్ దూరం సుమారు 30 శాతం పెరుగుతుంది. నీరు పక్కకు జారిపోయేలా కొద్దిపాటి వాలున్న నేల వెతకండి.