మధ్యాహ్నపు వానకు చిక్కిన బృందయాత్ర గురించి

ఇరవై మందితో పదకొండు గంటలకు పడవెక్కి, ద్వీపం చేరేసరికి ఇద్దరికి వాంతులు కాగా, జలపాతం దగ్గరకు వెళ్ళకముందే ఉరుములతో వాన ముంచెత్తిందని, పడవ నడిపేవారు రెండు గంటలు కదలకపోవడం న్యాయమేనా అని మీరు అడిగారు. న్యాయమే, చివరి ఉరుము వినిపించాక కనీసం 30 నిమిషాలు ఆగాలన్నది అందరూ పాటించవలసిన జాగ్రత్త, ఉరుములు ఆగకపోతే నిరీక్షణ కూడా పెరుగుతుంది.

అసలు చిక్కు బయలుదేరిన వేళలో ఉంది. ఉష్ణమండలంలో పొద్దుటి ఎండకు కాగిన నేల మీది తేమగాలి పైకి లేచి మేఘాలుగా పేరుకుని తరచుగా మధ్యాహ్నం దాటాక కురుస్తుంది కనుక, తెల్లవారుతూనే బయలుదేరి ముఖ్యమైన చోటును ముందుగా చూడడం మేలు. ఇరవై మందిని ఆ వేళకు రేవుకు చేర్చడం మాటలు కాదని నాకు తెలుసు. అందుకే ఆలస్యమైతే పడవ ఆగదని ముందురోజే చెప్పండి.

వాంతులు పడవ ఊపు వల్లనైతే, వైద్యుని సలహాతో తీసుకునే మాత్రను ప్రయాణానికి గంట ముందే వేసుకోవాలి. ఎండ వల్లనైతే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, ఓఆర్‌ఎస్ నీటిని గుక్కగుక్కగా తాగించాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా నోట ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

జలపాతం తప్పిపోయిందని మాత్రం బాధపడకండి. వానవేళ అక్కడ లేకపోవడమే మంచిదైంది. ఎగువన వాన పడితే జలపాతం కింది మడుగులో నీరు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి. వరద వస్తోందనే ఆ గుర్తు కనబడగానే సామాను వదిలేసైనా గట్టెక్కాలి.