హద్దులు లేని దస్తావేజు

చిరంజీవికి, ఆశీస్సులు.

1803లో ఫ్రాన్స్ దగ్గర అమెరికా లూసియానా అనే పెద్ద ప్రాంతాన్ని కొన్న సంగతి, అదే లూసియానా కొనుగోలు మీద నీ వ్యాసం రాత్రి చదివాను. మొదటి వాక్యంలోనే 8,28,000 చదరపు మైళ్ళు, కోటీ యాభై లక్షల డాలర్లు, ఎకరం మూడు సెంట్లు అని గుమ్మరించేశావు. కారుచౌక బేరమని ఎవరైనా రాస్తారు. నాకు కావలసింది నువ్వు ఒక్క లైన్లో తేల్చేసిన లివింగ్‌స్టన్.

పారిస్‌లో అమెరికా రాయబారి. చెవులు సరిగ్గా వినపడవు. ఆయన బేరం న్యూ ఆర్లియన్స్ రేవు కోసం. ఎగువ రైతుల పిండి, పొగాకు పడవల్లో మిసిసిపీ దిగి అక్కడే ఓడెక్కాలి. ఆ ప్రాంతాన్ని స్పెయిన్ అప్పటికే ఫ్రాన్స్‌కు రాసిచ్చేసినా, పాలన ఇంకా స్పెయిన్ వాళ్ళదే. 1802 అక్టోబరులో అక్కడి స్పెయిన్ అధికారి ఇక సరుకు దించడానికి వీల్లేదన్నాడు. 1803 ఏప్రిల్ 11న ఫ్రెంచి మంత్రి తాలీరాండ్ ఉన్నట్టుండి, లూసియానా మొత్తానికి ఎంతిస్తారని అడిగాడు. గది అద్దెకు అడిగితే ఇల్లే కొంటావా అన్నట్టు! లివింగ్‌స్టన్ తన చెవుల్ని నమ్మలేకపోయాడని మాత్రం రాయకు, ఆయన మనసులో ఏముందో మనకేం తెలుసు? చెవుడు, ఆ ప్రశ్న పక్కపక్కన పెట్టు, చాలు.

అమ్మేవాడి అవసరం కూడా చెప్పాలి కదా. తిరగబడ్డ బానిసలను అణచమని నెపోలియన్ ఇప్పటి హైతీకి పంపిన సైన్యం యుద్ధంలో కొంత, ఎల్లో ఫీవర్‌తో కొంత కరిగిపోయింది. సేనాపతి లక్లెర్, నెపోలియన్ చెల్లెలి మొగుడు, ఆ జ్వరంతోనే పోయాడు. చక్కెర పండే దీవి చేజారుతుంటే లూసియానా ఎందుకు? పైగా బ్రిటన్‌తో యుద్ధం ముంచుకొస్తోంది. తమాషా ఏంటంటే, ఈ కొనుగోలుకు డబ్బు సర్దిన వాళ్ళలో లండన్‌లోని బేరింగ్ బ్యాంకు కూడా ఉంది.

ఇక దస్తావేజు. మా ఊళ్ళో అరెకరం అమ్మినా తూర్పున ఫలానా వారి చేను, పడమట పంట కాలువ అని నాలుగు హద్దులూ రాయిస్తారు. ఇంత నేల అమ్మిన ఒప్పందంలో హద్దుల్లేవు. స్పెయిన్ చేతిలో ఎంత ఉందో అంతే అని రాసి సరిపెట్టారు. నువ్వు దీన్ని చివర్లో ఫుట్‌నోటుకు తోసేశావు!

'ఖాళీ భూమి' అన్న మాట కొట్టేశాను. అక్కడ ఒసేజ్ అనే ఆదివాసీ జాతి వాళ్ళున్నారు, ఇంకా ఎన్నో జాతుల వాళ్ళున్నారు. పారిస్‌లో వాళ్ళనెవరూ అడగలేదు. 1808లో ఆ ఒసేజ్ వాళ్ళ దగ్గరే అమెరికా మళ్ళీ ఒప్పందం రాయించుకుంది. ఒకే నేలకు రెండు రిజిస్ట్రేషన్లన్నమాట. నీ వ్యాసం ఇక్కడే మొదలవ్వాలని నాకనిపిస్తోంది.

తిరగరాసి ఆదివారం లోపు పంపు. మ్యాపు అక్కర్లేదు.