ఫిల్టరు బిగించడం తేలికే, గాలి తీయడమే అసలు పని

డీజిల్ ఫిల్టరు ఇంట్లోనే మార్చాక ట్రాక్టరు రెండు నిమిషాలు ఆడి ఆగిపోయిందని, ఎంత సెల్ఫ్ కొట్టినా మళ్లీ అందుకోవడం లేదని రాశారు. ముందు ఆ సెల్ఫ్ కొట్టడం ఆపండి, బ్యాటరీ దిగిపోతుంది. పైపుల్లో మిగిలిన కాస్త డీజిల్‌తో ఆ రెండు నిమిషాలు ఆడింది. అది అయిపోగానే ఇంజినులోకి డీజిల్ చిమ్మే పంపుకు ఎయిర్ పట్టింది, అంటే గాలి చేరింది. మా పాత ట్రాక్టరుకు ఏళ్లుగా ఈ పని నేనే చేసుకుంటున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, మీ ఇంజినుకు ఏమీ కాలేదు.

ట్యాంకు కుళాయి తెరిచి, ఫిల్టరు పైభాగంలో ఉన్న ఎయిర్ బోల్టును కాస్త వదులు చేయండి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు చేత్తో కొట్టే చిన్న మీట ఉంటుంది. దాన్ని కొడుతుంటే బోల్టు చుట్టూ మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి తేట డీజిల్ వస్తాయి. మీట కొడుతూనే బోల్టు బిగించాలి. రెండు ఫిల్టర్లుంటే ట్యాంకు వైపుది ముందు, తర్వాత రెండోది, ఆఖరున ఇంజినులోకి చిమ్మే పంపు మీది బోల్టు. మీట బలం లేకుండా ఊరికే ఆడుతోందా? ఫీడ్ పంపు పాడైందని కొత్తది కొనకండి. ఇంజినుతో పాటు తిరుగుతూ ఫీడ్ పంపును ఆడించే లోపలి క్యామ్ దాన్ని ఎత్తిపట్టిన చోట ఇంజిను ఆగి ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి సెల్ఫ్ ఒక్కసారి తాకిస్తే మీటకు పట్టు వస్తుంది.

ఇంత చేసినా గాలి మళ్లీ మళ్లీ పడుతుంటే రబ్బరు రింగులు చూడండి. పాత రింగు పైన గాడిలో అతుక్కుని ఉండిపోతుంది. నల్లగా మురికిలో కలిసిపోయి కంటికి ఆనదు. దాని మీదే కొత్తది పెట్టి బిగిస్తే ఎంత బిగించినా కారుతుంది. మా పక్క పొలం వాళ్ల బండికి ఇదే జరిగింది, గోటితో గీకితే పాత రింగు ఊడి వచ్చింది.

కొత్త ఫిల్టరులో ముందే డీజిల్ పోసి బిగిస్తే శ్రమ తగ్గుతుందని కొందరు చెబుతారు. నేనైతే పోయను. డబ్బాలోని మట్టి వడపోత దాటిన వైపు పడితే నేరుగా పంపులోకి పోతుంది. అక్కడ డీజిల్‌ను తోసే ప్లంజరుకూ, అది ఆడే గొట్టమైన బ్యారెల్‌కూ మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందుకే విప్పే ముందే బయటి దుమ్మంతా కడగాలి, లోపల పీచు వదిలే వేస్టు దారంతో తుడవకూడదు.

విప్పినప్పుడు వచ్చిన పాత డీజిల్‌ను గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు విడిగా కనిపిస్తే ట్యాంకు అడుగు బోల్టు కూడా తీసి కాస్త వదలాలి. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి తేమ నీరై దిగుతుంది, సాయంత్రమే నింపి పెట్టడం మేలు.

ఇదంతా పాత రకం పంపుల సంగతి. 2023 నుంచి వస్తున్న, 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లలో, ఇప్పటి డీజిల్ కార్లలో కామన్ రైల్ ఉంటుంది, అంటే డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో ఒకే గొట్టంలో నిలిపి అన్ని నాజిళ్లకూ పంపే పద్ధతి. వాటి నాజిల్ పైపు నట్టును గాలి తీయడానికని వదులు చేయవద్దు. ఆ ఒత్తిడికి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. వాటికి షోరూముకే వెళ్లండి.