టీమ్ పేరు మనదే, ఆడేవాళ్లు?

ప్రశ్న: మా అబ్బాయి వాలొరెంట్ అనే కంప్యూటర్ షూటింగ్ గేమ్ మ్యాచ్‌లు వదలకుండా చూస్తాడు. గ్లోబల్ ఈస్పోర్ట్స్ మన ఇండియా టీమ్ అంటాడు. ఆడేవాళ్లలో విదేశీ కుర్రాళ్లు ఉన్నారు, మ్యాచ్‌లేమో కొరియాలోని సోల్‌లో. అది మన టీమ్ ఎలా అవుతుందండీ?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. 2018లో ఓవర్‌వాచ్ అనే మరో షూటింగ్ గేమ్ లీగ్ మొదటి సీజన్ గెలిచిన లండన్ స్పిట్‌ఫైర్‌ని చూడండి. యజమాని అమెరికా సంస్థ క్లౌడ్9, ఆడినవాళ్లంతా కొరియన్లు, లీగ్ మ్యాచ్‌లు కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో. లండన్‌ది పేరు ఒక్కటే. ఆ కప్పు చూసి 'రేపు నేనూ అక్కడుంటా' అని లండన్ పిల్లలు ఎంతమంది అనుకుని ఉంటారు?

2016లో జర్మనీ క్లబ్ ఎస్‌కే గేమింగ్ కొలోన్‌లో కౌంటర్ స్ట్రైక్ గేమ్‌లో మేజర్ అనే పెద్ద టోర్నీ గెలిచింది. క్లబ్ జర్మనీది, గెలిచిన గడ్డా జర్మనీదే. కానీ ఐదుగురూ బ్రెజిల్ వాళ్లు, సంబరమంతా బ్రెజిల్‌దే!

నిర్వాహకులకూ ఈ తలనొప్పి ఉంది. 2014లో అందరూ చైనా వాళ్లే ఉన్న ఎల్‌ఎమ్‌క్యూ అనే టీమ్ అమెరికాకు మారి, ఉత్తర అమెరికా తరఫున లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ పోటీలకు వెళ్లింది. ఆ ఏడాదే ఆ గేమ్ తయారుచేసే రయట్ సంస్థ కొత్త రూల్ ప్రకటించింది: ఆడే ఐదుగురిలో కనీసం ముగ్గురు ఆ ప్రాంతపు నివాసులై ఉండాలి. పాస్‌పోర్టు కాదు, నివాసం.

నా మట్టుకు నాకు ఆఫీసు అడ్రస్ కంటే ఆటగాళ్లే ముఖ్యం. ముంబై సర్వర్‌లో ఆడే మన కుర్రాడికి కొరియా టీమ్‌లతో రోజూ ప్రాక్టీస్ కుదరదు. పింగ్, అంటే మన నొక్కుడు సర్వర్‌కి చేరి తిరిగొచ్చే ఆలస్యం, పెరిగిపోతుంది, ఎదుటివాడు కనిపించేలోపే పని అయిపోతుంది. సోల్‌లో ఉండి రోజూ వాళ్లతో తలపడితేనే ఆట పదునెక్కుతుంది. ఆ అవకాశం ఇచ్చే కుర్చీలు ఒక టీమ్‌లో ఐదే. 2023లో గ్లోబల్ ఈస్పోర్ట్స్‌లో అలాంటి ఒక కుర్చీలో స్క్‌రాసీ పేరుతో ఆడే మన గణేశ్ గంగాధర్ కూర్చున్నప్పుడు అది నిస్సందేహంగా మన టీమ్ అనిపించింది. బయటివాళ్లు వద్దనను, వాళ్ల పక్కన ఆడితే మనవాళ్లే నేర్చుకుంటారు. ఐదు కుర్చీలూ బయటివాళ్లకే ఇస్తే మాత్రం ఒప్పుకోను.

ఈసారి మ్యాచ్‌కి ముందు లైనప్ చూపించినప్పుడు మనవాళ్లు ఎందరున్నారో అబ్బాయితో కలిసి చూడండి. ఒక్కరూ లేకపోతే, ఎందుకు లేరని ఆ టీమ్‌నే అడగమనండి. అభిమానిగా అడిగే హక్కు వాడికి ఉంది.