చైనా కళాశాలలో బోధనకు వచ్చే తెలుగువారికి: మొదటి నెల జాగ్రత్తలు

కంప్యూటర్ సైన్సు, గణితం, ఫార్మసీ, వైద్యం వంటి విషయాలను ఆంగ్లంలో బోధించడానికి చైనా కళాశాలలకు వస్తున్న మన అధ్యాపకులు, విమానం దిగగానే ముందుగా ఏ పని చూసుకోవాలని నన్ను తరచుగా అడుగుతుంటారు. ఇక్కడ మొదటి ముప్పై రోజుల్లో కాగితాల పని వరుస తప్పకుండా సాగితే ఏడాదంతా నిశ్చింతగా పాఠం చెప్పుకోవచ్చు. వరుస తప్పితే బ్యాంకు ఖాతా, జీతం, ప్రయాణాలు ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోతాయి.

మీ పాస్‌పోర్టులో ఉండవలసింది ఉద్యోగానికి ఇచ్చే జడ్ వీసా. పర్యాటక వీసా మీదో విద్యార్థి వీసా మీదో ముందు వచ్చేయండి, తరువాత మార్పిస్తాం అని ఏ ఏజెంటు చెప్పినా దయచేసి ఒప్పుకోకండి. 2013 జూలై 1 నుంచి అమలులో ఉన్న రాకపోకల చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పనిచేసిన విదేశీయులకు 5,000 నుంచి 20,000 యువాన్ల వరకు జరిమానా ఉంటుంది, తీవ్రమైన సందర్భాల్లో 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా ఉంటుంది. పని అనుమతిలో ఏ కళాశాల పేరు ఉందో అక్కడ మాత్రమే మీరు బోధించాలి. సాయంత్రం పూట బయటి కోచింగ్ కేంద్రంలో రెండు గంటలు చెప్పినా అది అక్రమమే అవుతుంది. అలాగే, ఆంగ్ల భాషను నేర్పే ఉద్యోగాలకు సాధారణంగా ఆంగ్లం మాతృభాషగా ఉన్న దేశాల పౌరులనే అనుమతిస్తారు కాబట్టి, మీకు వచ్చిన నియామక పత్రంలో బోధనాంశం ఏమని రాశారో సంతకం చేసేముందే చూసుకోండి.

మనవారు ఎక్కువగా ఇబ్బంది పడేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, డిగ్రీ పట్టాలో పూర్తిగా ఉంటుంది, కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. చైనాలో పని అనుమతి, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, రైలు టికెట్టు అన్నీ పాస్‌పోర్టులోని అక్షరాలను బట్టే నడుస్తాయి, పేరులోని భాగాల వరుస మారినా ఒక ఖాళీ ఎక్కువైనా యంత్రం దానిని వేరే మనిషి పేరుగా లెక్కిస్తుంది. అందువల్ల కళాశాలకు పంపే ప్రతి దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, పట్టాలో పేరు తేడాగా ఉంటే బయలుదేరకముందే ఆ తేడాకు ప్రమాణపత్రం సిద్ధం చేసుకోండి. ఒక దేశపు పత్రాన్ని ఒకే ముద్రతో మరో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందం 2023 నవంబరు 7 నుంచి చైనాలో అమలులోకి వచ్చినా భారత్‌తో మాత్రం అది వర్తించదు. కాబట్టి మీ పట్టాకు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ధ్రువీకరణ అయిన తరువాత చైనా రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. దీనికి వారాలు పట్టవచ్చు కనుక, నియామకం ఖాయమైన రోజునే మొదలుపెట్టడం మంచిది.

దిగిన తరువాత హోటల్లో ఉంటే పోలీసు నమోదు వారే చేస్తారు. కళాశాల క్వార్టర్సులోకో అద్దె ఇంట్లోకో వెళితే 24 గంటల లోపల మీ పేరు స్థానిక పోలీసు ఠాణాలో నమోదు కావాలి, ఇల్లు మారిన ప్రతిసారీ మళ్ళీ కావాలి. అనుమతుల కోసం చేయించుకోవలసిన వైద్య పరీక్షకు పరగడుపున వెళ్ళండి. నివాస అనుమతికి దరఖాస్తు దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల లోపల చేరాలి. ఆగస్టు చివర వచ్చినవారికి ఇందులో పెద్ద చిక్కు ఉండదు కానీ, సెప్టెంబరు మధ్యలో వచ్చేవారికి అక్టోబరు 1న మొదలయ్యే జాతీయ సెలవుల్లో కార్యాలయాలు మూతపడి విలువైన వారం పోతుంది. దరఖాస్తు ఇచ్చాక పాస్‌పోర్టు రెండు వారాల వరకు వారి దగ్గరే ఉంటుంది, చేతిలో రసీదు మాత్రమే ఉంటుంది. ఆ రోజుల్లో దూర ప్రయాణాలు పెట్టుకోకండి.

ఇంటితో మాట్లాడే దారిని ఇండియాలో ఉండగానే ఏర్పాటు చేసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. చైనాలో అందరూ వాడే సందేశాల యాప్ వీచాట్‌ను భారత ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. మనం వాడే వాట్సాప్, జీమెయిల్, యూట్యూబ్ చైనా నెట్‌వర్కు మీద పనిచేయవు. వయసు మళ్ళిన తల్లిదండ్రులు ఫోను కలవక ఎంత కంగారు పడతారో నేను చూశాను. భారతీయ సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుని దానిని బతికించుకోండి, బ్యాంకు పంపే ఓటీపీలకు కూడా అదే ఆధారం. పాఠ్య సామగ్రిని గూగుల్ డ్రైవ్‌లో వదిలి రాకుండా పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. మన యూపీఐని నమ్ముకుని రాకండి. ఇక్కడి చెల్లింపు యాప్‌లు అలీపే, వీచాట్ పేలకు మీ అంతర్జాతీయ కార్డును జతచేయవచ్చు కానీ, మొదటి వారానికి కొంత యువాన్ నగదు చేతిలో ఉండాలి.

తరగతిలో మీకు ముందుగా పరిచయం కావలసిన వ్యక్తి బాన్‌జాంగ్, అంటే తరగతి నాయకుడు. గది మారినా సమయం మారినా ఆ కబురు విద్యార్థులందరికీ చేర్చేది ఆ విద్యార్థే. పీరియడు సాధారణంగా 45 నిమిషాలు, రెండు కలిపి ఒక పాఠంగా నడుస్తాయి. కొత్తగా చేరినవారికి మొదట్లో సైనిక శిక్షణ ఉంటుంది కాబట్టి మొదటి సంవత్సరం తరగతులు ఆలస్యంగా మొదలవుతాయి. పెద్ద సెలవులకు బదులుగా శని, ఆదివారాల్లో తరగతులు పెడతారని కూడా గుర్తుంచుకోండి. విద్యార్థులు మిమ్మల్ని లావోషీ, అంటే గురువు, అని గౌరవంగా పిలుస్తారు, ప్రశ్న వేస్తే మాత్రం మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని నిర్లక్ష్యంగా తీసుకోకండి, ఇద్దరిద్దరిని కలిపి చర్చించమంటే చక్కగా మాట్లాడతారు.

నేనుండే చెంగ్‌డూలో మిరపకాయకు కొరత లేదు. శాకాహారులు మాత్రం కూరలో పంది కొవ్వు, మాంసపు రసం పడతాయేమోనని అడిగి తినాలి. చలి గురించి కూడా ఒక మాట చెప్పాలి. కేంద్రీకృత తాపన వ్యవస్థ ప్రధానంగా ఉత్తర చైనాలోనే ఉంటుంది, కాబట్టి దక్షిణాన ఉద్యోగం వచ్చినవారు గదిలో వేడికి ఏమి ఏర్పాటు ఉందో కళాశాలను ముందే అడగాలి.

జీతం ఇంటికి పంపాలంటే బ్యాంకు మీ ఒప్పంద పత్రాన్ని, పన్ను కట్టిన రుజువును అడుగుతుంది. ఆ రుజువును ప్రతి నెలా జమచేసుకోండి.